కళాయి పోయిన ట్యాంకు

కారు చరిత్ర రాసినవాళ్లందరూ ఇంజను దగ్గరే మొదలుపెడతారు. కార్బ్యురేటరుకీ, గేరుబాక్సుకీ కూడా చరిత్రకారులు దొరికారు. పెట్రోలు ట్యాంకు మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. అది కదలదు, తిరగదు, చప్పుడు చెయ్యదు. ఒక రేకు డబ్బా, అంతే. కారితే తప్ప అది ఉన్నట్టే మనకి తెలీదు.

మా తాతయ్య కొన్న 1977 నాటి అంబాసిడర్, మార్క్ 3, ఇప్పుడు నా దగ్గరుంది. రెండేళ్ల కిందట దాని ట్యాంకు కారడం మొదలైంది. మాటు వేయించాలా, కొత్తది పెట్టించాలా అన్నది తేల్చుకోడానికి అక్కడా ఇక్కడా చదవడం మొదలుపెట్టాను. నేను సాఫ్ట్‌వేరు మనిషిని. ఎక్కడైనా ఒక తప్పు బయటపడితే, అది ఏ రోజు చేసిన ఏ మార్పుతో వచ్చిందో వెనక్కి తవ్వుకుంటూ పోవడం మా వృత్తిలో అలవాటు. ఈ చిల్లుకి కారణం తవ్వుకుంటూ పోతే 1921 దాకా వెళ్లాల్సొచ్చింది.

అసలు మొట్టమొదట ట్యాంకే లేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని, భర్తకి చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి పుట్టింటికి బండి తోలుకుంటూ బయల్దేరినప్పుడు, ఇంధనమంతా కార్బ్యురేటరులోనే ఉండేది, నాలుగున్నర లీటర్లు. దారిలో వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపుకి వెళ్లి లిగ్రోయిన్ కొని పోసుకుంది. లిగ్రోయిన్ అంటే అప్పట్లో బట్టల మీద మరకలు పోగొట్టడానికి వాడే ద్రవం. 1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చేసరికి ట్యాంకు ముందు సీటు కిందకి చేరింది. పంపు లేదు. పెట్రోలు తన బరువుకి తనే ఇంజనులోకి జారాలి. అందుకని ట్యాంకులో సరుకు తక్కువున్నప్పుడు నిటారు గుట్ట ఎక్కాలంటే కారు వెనక్కి తిప్పి రివర్స్ గేరులో ఎక్కేవాళ్లు. ఎంత పెట్రోలు ఉందో తెలియాలంటే సీటు ఎత్తి, పుల్ల ముంచి చూసుకోవడమే. ఆ తర్వాత మోడల్ ఎ కారులో ట్యాంకు ముందు అద్దం కిందకి, దాదాపు డ్రైవరు మోకాళ్ల ఎదురుగా వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. పంపులు నమ్మకంగా పనిచెయ్యడం మొదలయ్యాక గానీ ట్యాంకు కారు వెనక్కి పోలేదు. వెనక్కి పోయినంత మాత్రాన క్షేమమా అంటే, దానికి ఫోర్డ్ పింటో కథ చదువుకోవాలి. వెనక నుంచి ఇంకో బండి గుద్దితే ట్యాంకు చిట్లి మంటలంటుకుంటున్నాయన్న గొడవ మీద ఆ కంపెనీ 1978లో దాదాపు 15 లక్షల కార్లని వెనక్కి పిలిపించి, ట్యాంకుకి ప్లాస్టిక్ కవచం తొడగాల్సొచ్చింది. దాని మీద ఇప్పటికే బోలెడంత రాశారు కనక ఇక్కడితో ఆపుతాను.

నాకు ఆసక్తి కలిగించింది ట్యాంకు ఎక్కడుంది అన్నది కాదు, దేంతో చేశారన్నది. ఉత్త ఇనప రేకుతో చేస్తే కొన్నాళ్లకే తుప్పు పడుతుంది. రాగి, ఇత్తడి ఖరీదు. అందుకని ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం కార్ల కంపెనీలు ఒక రకం పూత రేకు వాడాయి. దాని పేరు టెర్న్ రేకు. ఉక్కు రేకుని కరిగించిన సీసం, తగరం మిశ్రమంలో ముంచి తీస్తారు. సీసమే ఎక్కువ, తగరం నూటికి పదో, ఇరవయ్యో పాళ్లు. టెర్న్ అంటే ఫ్రెంచిలో కళ తప్పినది, మెరుపు లేనిది. ఉత్త తగరం పూసిన రేకు వెండిలా మెరుస్తుంది, దీనికి ఆ మెరుపు ఉండదు. కార్లు పుట్టకముందు నుంచే అమెరికాలో ఇళ్ల పైకప్పులకి ఈ రేకు వాడేవాళ్లు. సీసం నీళ్లకి తొందరగా లొంగదు. రేకు వంచినా సాగదీసినా పూత పగలదు. టంకం సులువుగా అతుక్కుంటుంది. పెట్రోలు దాన్నేమీ చెయ్యలేదు. ట్యాంకు చెయ్యడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇది చదువుతుంటే నాకు మా అమ్మమ్మ వాళ్ల వంటిల్లు గుర్తొచ్చింది. ఇది మనకి బాగా తెలిసిన విద్యే, పేరే వేరు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే కిలుమెక్కుతుంది. ఎక్కకుండా లోపల తగరం పూస్తారు, అదే కళాయి. వీధిలో గుంట తవ్వి, తిత్తులు పెట్టి, గిన్నె కాల్చి, నవాసాగరం జల్లి, తగరం ముక్క తాటించి, గుడ్డతో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపలంతా తెల్లగా అయిపోయేది. ఏడాదికో రెండేళ్లకో పూత అరిగిపోతే మళ్లీ ఆయన వచ్చేవాడు. పూత అరిగాక కూడా అదే గిన్నెలో పులుసు కాస్తే ఇంటిల్లిపాదికీ వాంతులు. లోపల పోసేదానికీ గిన్నె లోహానికీ పడనప్పుడు మధ్యలో ఒక పొర పెడతాం. ఆ పొర ఉన్నంత కాలం రెండూ సర్దుకుపోతాయి. పెట్రోలు ట్యాంకు లోపల ఉన్నది కూడా ఆ కళాయే. తేడా ఏమిటంటే, ఇందులో చెయ్యి పెట్టి మళ్లీ పూయడం ఎవరి వల్లా కాదు.

పొర ఉన్నప్పుడు మరి ట్యాంకు ఎందుకు తుప్పు పడుతుంది? బయటి నుంచి పట్టే తుప్పు అర్థం కావడం తేలిక. ట్యాంకుని కారు అడుగుకి పట్టీలతో బిగిస్తారు. రాపిడి లేకుండా పట్టీ కింద ఫెల్టు గుడ్డ వేస్తారు. ఆ గుడ్డ వర్షాకాలమంతా నీళ్లు పీల్చుకుని, పైకి రోడ్డు ఎండిపోయినా, నెలల తరబడి తడిగా కూచుంటుంది. చక్రాలు చిమ్మిన బురద అంచుల మీద పేరుకుంటుంది. చిల్లు మొదట అక్కడే పడుతుంది. లోపలి తుప్పు కథ వేరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడికి గాలి వ్యాకోచించి బయటకి పోతుంది, రాత్రి చల్లబడి తేమ గాలి లోపలికి వస్తుంది. ఆ తేమ గోడలకి పట్టి, చుక్కలై, కిందకి జారుతుంది. పెట్రోలు నీళ్లకన్నా తేలిక కనక నీళ్లు అడుక్కి చేరి, అక్కడే ఉండిపోతాయి. రోజూ తిరిగే కారులో అయితే ఆ నీళ్లు కొంచెం కొంచెంగా ఇంజనులోకి పోయి ఆవిరైపోతాయి. షెడ్డులో కవరు కప్పి పెట్టిన కారులో వాటికి ఎంత సమయం కావాలంటే అంత సమయం దొరుకుతుంది. పాత కారుని అపురూపంగా దాచుకోవడం దాని ట్యాంకుకి చేసే అపకారం అన్నమాట. పూతలో ఎక్కడో సూదిమొనంత లోపం ఉంటుంది, అతుకు దగ్గరో, పైపు దగ్గరో. అక్కడ మొదలై తుప్పు పూత కిందుగా పాక్కుంటూ పోతుంది.

ఒక విచిత్రం కూడా ఉంది. తుప్పు పట్టిన చోట ఆ తుప్పే చిల్లుకి బిరడాలా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి కారని ట్యాంకుని శుభ్రంగా కడిగించగానే నాలుగు చోట్ల కారడం మొదలుపెడుతుంది. కడిగినవాడి తప్పేమీ లేదు. చిల్లులు అంతకుముందే ఉన్నాయి.

ఇక్కడిదాకా ఇది రేకు కథ. 1921 ఎందుకన్నానంటే, కళాయి గిన్నె చరిత్ర సగం అందులో ఏం కాచారన్న దాని మీద ఉంటుంది కాబట్టి.

అప్పటి ఇంజన్లకి ఒక జబ్బు ఉండేది, నాకింగ్. పెట్రోలు మండాల్సిన పద్ధతిలో మండకుండా ఒక్కసారిగా పేలి, ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు మోగేది. దీనికి మందు కోసం జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు వెతుకుతున్నాడు. ఆయన చేతికి ముందు దొరికిన మందుల్లో ఒకటి ఆల్కహాలు. పెట్రోలులో మూడో వంతుకి దగ్గరగా ఆల్కహాలు కలిపి 1921లో తనే కారు నడిపి చూపించాడు కూడా. బాగా పనిచేసింది. కానీ ఆల్కహాలు ఎవరైనా కాచుకోగలిగింది, దాని మీద పేటెంటు రాదు. పైగా చాలా ఎక్కువ కలపాలి. అదే ఏడాది డిసెంబరు 9న ఆయనకి టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. గాలనుకి కొన్ని గ్రాములు చాలు. పేటెంటు వస్తుంది. 1923 ఫిబ్రవరిలో డేటన్ నగరంలో ఒక బంకులో అమ్మకం మొదలైంది. పేరు ఇథైల్. సీసం అన్న మాట పేరులో ఎక్కడా రానివ్వలేదు.

సీసం విషమని వాళ్లకి తెలియక కాదు. మిడ్జ్‌లీ స్వయంగా సీసం విషం ఎక్కి 1923లో కొన్ని వారాలు సెలవు పెట్టాడు. న్యూజెర్సీలో ఆ రసాయనం తయారుచేసే డ్యూపాంట్ షెడ్డుకి కార్మికులు పెట్టుకున్న పేరు సీతాకోకచిలుకల ఇల్లు. అక్కడ పనిచేసేవాళ్లు గాలిలో లేని పురుగుల్ని చూసి తోలుకుంటూ ఉండేవాళ్లు. 1924 అక్టోబరులో అదే రాష్ట్రంలోని బేవే రిఫైనరీలో కొన్ని రోజుల వ్యవధిలో ఐదుగురు మతి తప్పి చచ్చిపోయారు. ఇంకా చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెలాఖరుకే మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి, ప్రమాదమేమీ లేదని చూపించాడు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మా రంగంలో జరిగే కొన్ని డెమోలు గుర్తొస్తాయి. అది వేరే కథ.

అలా ఆల్కహాలు పక్కకి పోయి, సీసం లోపలికి వచ్చింది. ట్యాంకు గోడ మీద సీసం, లోపల పోసే పెట్రోలులోనూ సీసం. రెంటికీ కార్యకారణ సంబంధమేమీ లేదు. కానీ ఆ తర్వాత 70 ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కువ భాగం పెట్రోలు ట్యాంకులు ఆల్కహాలు ముఖం చూడాల్సిన అవసరం లేదన్న ధీమాతోనే తయారయ్యాయి. నాకు కావలసిన తీగ ఇక్కడ దొరికింది.

మన దేశం ఆల్కహాలుని పూర్తిగా మర్చిపోలేదు. 1948లోనే ఇండియన్ పవర్ ఆల్కహాల్ యాక్ట్ అని ఒక చట్టం చేశారు. పెట్రోలు చాలా భాగం దిగుమతే అయిన రోజులవి, చక్కెర మిల్లుల దగ్గర మొలాసిస్ గుట్టలు. నిజాం ప్రభుత్వం బోధన్‌లో 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట్ల దాని నుంచి ఆల్కహాలు కూడా తీసేవాళ్లు. అయినా మన బంకుల్లో అది పాతుకోలేదు. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఇంచుమించు అప్పుడే కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో, ఇంగ్లండులో మూలపడబోతున్న మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులతో అంబాసిడర్ మొదలైంది. సీసం పెట్రోలూ, సీసం పూత ట్యాంకూ ఒకదానికొకటి అమిరినట్టు దాదాపు 40 ఏళ్లు నడిచాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అంతకు ఐదేళ్ల ముందే నాలుగు మహానగరాల్లో మొదలైంది. ఇది నిస్సందేహంగా మంచి పని, పిల్లల నెత్తురులో సీసం తగ్గించిన పని. 1948 నాటి చట్టాన్ని కూడా దాదాపు ఆ రోజుల్లోనే రద్దు చేశారు.

ఆ వెంటనే, 2003 జనవరిలో, 9 రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఆ తొమ్మిదింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఉంది. సరఫరా సరిగా లేక కొన్నేళ్లు పడుతూ లేస్తూ సాగింది. 2022 జూన్‌కి 10 శాతం. 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2030కి అనుకున్నది 2025కే దేశమంతా పరుచుకుంది. వందేళ్ల కిందట మిడ్జ్‌లీ పక్కన పెట్టిన ఆల్కహాలు, తన బదులు వచ్చిన సీసాన్ని పెట్రోలులోంచి సాగనంపి తిరిగొచ్చింది. ట్యాంకు గోడ మీది సీసం మాత్రం అక్కడే ఉంది.

ఆల్కహాలుకి నీళ్లంటే ప్రాణం. మామూలు పెట్రోలు నీళ్లని దాదాపు కలుపుకోదు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీళ్లు కలుపుకుంటుంది, అంటే 40 లీటర్లకి 200 మిల్లీలీటర్లు. అంతవరకూ మంచిదే, అడుగున నిలవ ఉన్న నీళ్లని తీసుకుపోయి ఇంజనులో కాల్చేస్తుంది. ఆ హద్దు దాటితే మాత్రం పాలు విరిగినట్టు విరుగుతుంది. నీళ్లు, ఇథనాల్ కలిసి ఒక పొరగా అడుక్కి దిగిపోతాయి. అంతకుముందు అడుగున ఉన్నవి ఉత్త నీళ్లు. ఇప్పుడున్నది అంతకన్నా గట్టి పిండం. అమెరికా ఇంధన శాఖ 85 శాతం ఇథనాల్ వాడకం మీద వేసిన చేతిపుస్తకంలో సీసం-తగరం పూత ఉన్న ట్యాంకులూ, సీసం టంకమూ ఆ ఇంధనానికి పనికిరావని పేరు పెట్టి మరీ రాశారు. 20 శాతానికి ఆ ప్రభావం అంత ఉండదు, నెమ్మదిగా ఉంటుంది. కానీ నెమ్మదిగా జరిగేది కూడా, నెలలు నెలలు కదలని కారులో, జరగాల్సినంతా జరుగుతుంది.

ఇథనాల్ వద్దని నేను అనడం లేదు. చెరకు రైతుకి, విదేశీ మారకానికి దానివల్ల ఏం లాభమో లెక్కలున్నాయి. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి 10 శాతానికి సర్దిన కార్లలో 20 శాతం పోస్తే మైలేజీ 6, 7 శాతం పడిపోతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే ఒప్పుకుంది. కొన్ని పాత బళ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని పెట్రోలియం శాఖా చెప్పింది. నా పేచీ ఇంకోటి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో 10 శాతం తెచ్చినప్పుడు, పాత కార్లవాళ్ల కోసం 5 శాతానిదీ అదే బంకులో, కాస్త ఎక్కువ ధరకి, ఉంచారు. మన వీధి చివర మామూలు బంకులో ఆ ఎంపిక లేదు. ఒక నిర్ణయం ఎంత మంచిదైనా, దాని ఖర్చులో ఒక ముక్క ఎవరి మీద పడుతుందో చెప్పకుండా ఊరుకోవడం మంచిది కాదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. అది కనీసం రసీదు మీద కనిపించే ఖర్చు. ట్యాంకు అడుగున జరిగేదానికి రసీదు ఉండదు. నాలాంటివాడికి ఇది సరదా కోసం పెట్టుకున్న కారు, భరిస్తాను. పాత మారుతీ ఓమ్నీలో కూరగాయలు వేసుకుని తిరిగేవాడి పరిస్థితి అది కాదు.

మాటు వేయడం సంగతికి వస్తాను. దీని చరిత్ర ఏ పుస్తకంలోనూ దొరకదు. దొరికేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల. లారీ బాడీలు కట్టేవాళ్లు, లేత్ మిషన్లవాళ్లు, సెకండ్‌హ్యాండ్ సామాను దుకాణాలు. పెట్రోలు ట్యాంకు పట్టుకుని వెల్డింగ్ షాపుకి వెళ్తే దండం పెట్టి పంపించేస్తారు. వెళ్లాల్సింది రేడియేటర్ షాపుకి. ఎందుకంటే ఇత్తడి రేడియేటర్లకి టంకం పెట్టే చెయ్యే దీనికీ కావాలి.

అక్కడికి చేరేలోపు వాడే నాటుమందులు చాలా ఉన్నాయి. తొంభైల్లో ఈ కారు మా బాబాయి నడిపాడు. డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఒక బట్టల సబ్బు ముక్క ఉండేది. ట్యాంకు చెమర్చినప్పుడల్లా కారు కింద దూరి సబ్బు రుద్దేవాడు. చిన్నప్పుడు అది చేతులు కడుక్కోడానికి అనుకునేవాణ్ణి. సబ్బు పెట్రోలులో కరగదు, అందుకని సూదిబెజ్జం లాంటి చిల్లుని కొన్ని రోజులు ఆపుతుంది. వానొస్తే కరిగిపోతుంది, మళ్లీ రుద్దాలి. ఆ తర్వాత ఎం-సీల్ వచ్చింది. రెండు రంగుల ముద్దలు కలిపి నలిపి అతికించడం. ఇవన్నీ ఇల్లు చేరడానికి చేసే పనులు, అంతే.

రేడియేటర్ షాపు మేస్త్రీకి డెబ్బై ఏళ్లు ఉంటాయి. ట్యాంకు దింపి తీసుకెళ్తే ముందు మూత తీసి వాసన చూశాడు. "ఎప్పుడు ఖాళీ చేశారు బాబూ?" అన్నాడు. మూడు రోజులైందన్నాను. "ఖాళీ ట్యాంకే దొంగది. నిండా ఉన్నది బుద్ధిగా ఉంటది" అన్నాడు.

ఆ మాటలో ఎంత లెక్క ఉందో ఇంటికొచ్చి వేసి చూసుకున్నాను. పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 శాతానికి తక్కువుంటే అంటుకోదు, 7.6 శాతానికి ఎక్కువున్నా అంటుకోదు. నిండు ట్యాంకులో ఉన్న కాస్త జాగాలో ఆవిరి చిక్కగా ఉండి, నిప్పుకి చాలినంత గాలి దొరకదు. ఖాళీ ట్యాంకులో ఆ మధ్యస్థాయి హాయిగా కుదురుతుంది. 50 లీటర్ల డబ్బా పేలడానికి కావలసిన కనీస ఆవిరి, ద్రవంగా చూస్తే, సుమారు ఒక టీ చెంచాడు పెట్రోలు. అతుకుల్లో, తుప్పు పొరల్లో అంతకన్నా ఎక్కువే దాక్కుని ఉంటుంది. వేడి తగలగానే బయటకొస్తుంది. అందుకే మూడు రోజులు ఎండబెట్టామనో, ఒకసారి కడిగామనో చెప్తే మేస్త్రీ నమ్మడు. సోడా నీళ్లతో మరగబెట్టి, ఆవిరి పట్టి, మళ్లీ కడిగి, చివరికి నిండా నీళ్లు పోసి, చిల్లు ఉన్న చోటు మాత్రం నీటి మట్టానికి పైన ఉండేలా వంచి పెడతాడు. మంట దగ్గరకి రానివ్వడు. రాగి ముక్కున్న కడ్డీని అవతలెక్కడో కాల్చి తెచ్చి, జింకు ముక్కలు కరిగించిన యాసిడ్ పూసి, సీసం-తగరం కడ్డీ ఆనించి చిల్లు మూస్తాడు. ఆయన ఎడమ ముంజేతి మీద మోచేతి దాకా పాత కాలిన మచ్చ ఉంది. అదెలా అయిందని నేను అడగలేదు.

ఒకటో రెండో చిల్లులైతే ఈ మాటుకి మించింది లేదు. టెర్న్ రేకు మీద టంకం ఇట్టే పట్టేస్తుంది, రేకు మీద ఉన్నదీ పెట్టేదీ ఒకే కుటుంబం కాబట్టి. గ్యాస్ వెల్డింగ్ చేస్తే ఆ వేడికి చుట్టూ పూత కాలిపోయి, అతుకు పక్కనే కొత్త చిల్లు తయారవుతుంది. పైగా సీసం పొగ. టంకం పెట్టేటప్పుడు కూడా గాలి ఆడే చోట చెయ్యాలని ఇప్పుడు తెలుసు. ఆయన తరంలో ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు?

నా ట్యాంకు అడుగంతా జల్లెడైపోయింది. అలాంటప్పుడు లోపల శుభ్రం చేసి పూత పోసుకోవడం ఇంకో దారి. గులకరాళ్లో, నట్లూ బోల్టులో, గొలుసు ముక్కో వేసి కుదపడం పాత పద్ధతి. చాకలి సోడా నీళ్లు పోసి, ఇనప కడ్డీ ముంచి, బ్యాటరీ చార్జరు తగిలించి కరెంటుతో తుప్పు వదిలించడం ఇంకోటి. దాంట్లో హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయట చెయ్యాలి, స్టెయిన్‌లెస్ కడ్డీ వాడకూడదు, విషపు క్రోమియం వస్తుంది. ట్రాక్టర్లు బాగుచేసేవాళ్లు కొందరు మొలాసిస్ నీళ్లు పోసి వారాల తరబడి నానబెడతారు. చక్కెర మిల్లు మడ్డి తుప్పు వదిలిస్తుంది, ఆ మడ్డి నుంచి కాచిన ఆల్కహాలు తుప్పు పట్టిస్తుంది. ఆ తర్వాత లోపల పోసి తిప్పే ఎపాక్సీ రకం సీలర్లు ఉన్నాయి. పాత సీలర్లు కొన్ని ఆల్కహాలు తగిలితే కరిగిపోయేవి, కొత్తవి తట్టుకుంటాయి. నాకు మాత్రం ఆ దారి మీద గురి కుదరలేదు. పెట్రోలు అటూ ఇటూ ఊగకుండా ట్యాంకు లోపల అడ్డు పలకలు ఉంటాయి. వాటి వెనక తుప్పు వదిలిందో లేదో చూసే వీలు లేదు. వదలని చోట పోసిన పూత కొన్నాళ్లకి మీగడలా లేచి పైపుకి అడ్డం పడుతుంది. చూడలేనిదాన్ని బాగుచేశానని చెప్పుకోవడం నాకిష్టం లేదు.

ఎక్కడి నుంచో మరో పాత అంబాసిడర్ ట్యాంకు తెచ్చి పెట్టుకోవచ్చు, ఆటోనగర్‌లో దొరుకుతాయి. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతపడ్డాక అవీ తగ్గిపోతున్నాయి. దొరికినవి కూడా ఇదే రేకు, ఇదే ఇంధనం. ఏ పరీక్షా లేకుండా మరో పదేళ్లు వాయిదా వేసినట్టు, అంతే. కొత్త కార్లు ఈ గొడవ నుంచి ఎప్పుడో బయటపడ్డాయి. 1970ల నుంచి యూరప్‌లో ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి, అవి అసలు తుప్పే పట్టవు. రేకు వాడేవాళ్లు కూడా సీసం వదిలేసి జింకు-నికెల్, అల్యూమినియం పూతలకి మారారు. కానీ ఒక్క కారు కోసం ఎవరూ ప్లాస్టిక్ అచ్చు పొయ్యరు.

కొత్తది చేయించాలని తేల్చుకున్నాను. పాతది పారేసే ముందు మేస్త్రీ చేత, బాగా కడిగించాక, రెండుగా కోయించాను. ట్యాంకు లోపలి భాగం అంత స్పష్టంగా చదవగలిగేలా ఉంటుందని అనుకోలేదు. పై సగం గోడలు 1977లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, మెరుపు లేని బూడిద రంగు, వేలితో రుద్దితే నున్నగా. పెట్రోలు మట్టం ఎక్కువకాలం ఆగిన చోట గోధుమ రంగు గీతలు, చెరువు గట్టు మీద నీటి చారల్లాగా. అడుగున రెండు వేళ్ల ఎత్తున మాత్రం పూతన్నది లేదు. ఎర్రమన్ను. పైప్ అతికిన చోట టంకం తెల్లగా సున్నం పట్టినట్టు పొడి రాలుతోంది. దాని పక్కనే మూడు మాట్లు, వేర్వేరు చేతులవి, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మాటు వేసిన చోట కారలేదు, వాటి చుట్టూ ఉన్న రేకు పోయింది.

కొత్త ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలుది. పాతదాని కొలతలు తీసి, అడ్డు పలకలతో సహా వంచి, పక్క వీధిలో ఆర్గాన్ వెల్డింగ్ చేయించాం. స్టీలు సామాను వచ్చి కళాయి వేసేవాణ్ణి ఊరి నుంచి పంపించేసిన నలభై ఏళ్లకి అదే పని మేస్త్రీ షాపులో నా చేతుల మీదుగా జరిగింది. ఆయన దానికేమీ అనుకున్నట్టు లేదు. పట్టీల కింద ఫెల్టు తీసేసి నీళ్లు పీల్చని రబ్బరు వేయించాడు. పాత ఫ్లోటు మీటరు తీసి కొత్తదానికి బిగించి, దానికి విడిగా ఎర్త్ వైరు లాగించాడు. "పైపుకి లోపల అడుగు దాకా పెట్టొద్దు, వేలెడు పైకి ఉంచమను. నీళ్లు దిగడానికి చోటు ఉండాలి గదా" అని వెల్డరుకి చెప్పమని నాతో రెండుసార్లు అన్నాడు. అడుగున మరతో తీసే డ్రెయిన్ బోల్టు ఒకటి పెట్టించమన్నాడు. ఇప్పుడు ప్రతి వర్షాకాలం తర్వాత ఆ బోల్టు తిప్పి గాజు సీసాలోకి పట్టి చూస్తాను. పోయిన నవంబరులో అడుగున నాలుగు చెంచాల నీళ్లు వచ్చాయి.